దంతపు తాపడం: విశాఖ పనివారి మరుగునపడిన చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. కోటల గురించి, రాజుల గురించి, గుళ్ళ గురించి వ్రాయగల విజ్ఞులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 1973లో చిన్న గుమాస్తాగా చేరి, 2008లో పదవీ విరమణ చేసేవరకు ముప్పై అయిదేళ్ళు బల్లల మధ్య, బీరువాల మధ్య గడిపినవాడిని. అందుచేత బల్లలు, పెట్టెలు, వాటిమీద అతికించే పలుచని రేకుల గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని ఈ చిన్న విషయంలోనే మన విశాఖపట్నం పేరు ఇంగ్లండు రాజుగారి ఇంటిదాకా వెళ్ళింది. పని చేసినవాళ్ళ పేర్లు మాత్రం వెళ్ళలేదు. నా బాధ అంతా అదే.

తాపడం అంటే మోసమా?

చవకరకం కర్ర మీద మేలురకం కర్రను పలుచని రేకుగా కోసి అతికించడాన్ని ఇప్పుడు అందరూ వెనీరు అంటున్నారు. మనకు దీనికి తగిన మాట ఏనాడో ఉంది. అదే తాపడం. ఒక వస్తువు మీద మరొక వస్తువును పొరగా పరిచి బిగించడమే తాపడం. కర్రలో గాడి తీసి, ఆ గాడిలో వేరే ముక్కను కూర్చితే అది పొదుగుడు పని. ఈ రెండింటికీ తేడా ఉన్నది. పొదుగుడులో పునాది కర్ర పైకి కనపడుతూనే ఉంటుంది. తాపడంలో అది పూర్తిగా దాగిపోతుంది.

దాగిపోతుంది కనుకనే తాపడానికి చెడ్డపేరు వచ్చింది. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్ళు అనేశారు. తెల్లవాళ్ళు కూడా తక్కువ తినలేదు. చార్లెస్ డికెన్స్ 1864–65లో వ్రాసిన 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్' నవలలో, కొత్తగా డబ్బు చేసి డాబు ఒలకబోసే దంపతులకు 'వెనీరింగ్' అని ఇంటిపేరే పెట్టాడు.

కాని ఒక్కమాట ఆలోచించండి. తిరుమల ఆనందనిలయ విమానానికి ఉన్నది బంగారు తాపడమే. దానిని చూసి, అయ్యో లోపలంతా బంగారం కాదే అని ఎవరైనా బాధపడ్డారా? విలువైన వస్తువు కొద్దిగానే దొరుకుతుంది. ఆ కొద్దిని కంటికి కనపడేచోట, చేతికి తగిలేచోట ఉంచడం వివేకమే కాని మోసం కాదు. తాపడాన్ని తాపడమని చెప్పకుండా, గట్టి కర్ర అని చెప్పి అమ్మితే అది మోసం. ఆ తప్పు అమ్మినవాడిది, పనిది కాదు.

మూడున్నర వేల ఏళ్ళ విద్య

ఈ విద్య ఎంత పాతదో చెప్పాలంటే ఈజిప్టు దాకా పోవాలి. ఆ దేశంలో థీబ్సు దగ్గర రెఖ్మిరె అనే మంత్రి సమాధి ఉంది. సుమారు 3,400 సంవత్సరాల క్రిందటిది. దాని గోడల మీది చిత్రాలలో వడ్రంగులు బంక పూసి కర్ర రేకును అతికించే దృశ్యం ఉన్నది. 1922లో బయటపడిన టుటంఖామెన్ సమాధిలో కూడా నల్లసేవ కర్ర, ఏనుగు దంతం తాపడం చేసిన పెట్టెలు దొరికాయి. ఈజిప్టు ఎడారి దేశం. మంచి కలప బయటినుంచి రావలసిందే. అందుకే ఒక్క ముక్క కూడా వృథా కాకుండా రేకులు కోసుకున్నారు.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోము దేశపు పండితుడు ప్లినీ ఈ పనిని గురించి వ్రాస్తూ, ఒకే చెట్టును పదేపదే అమ్ముకోవడానికి కనిపెట్టిన ఉపాయం ఇది అని విసుక్కున్నాడు. ఆయన విసుగులోనే అసలు లెక్క ఉన్నది. ఒక అంగుళం మందం పలకను అర మిల్లీమీటరు రేకులుగా తరగగలిగితే, కాగితం మీద లెక్క ప్రకారం యాభై రేకులు వస్తాయి. ఒక బల్లకు చాలే కర్ర యాభై బల్లలను కప్పుతుందన్నమాట. పాతరోజుల్లో చేతి రంపంతో కోసేవారు కనుక రేకు ఇంతకన్నా మందంగా ఉండేది. రంపపు పొట్టుగా కొంత పోయేది. ఇంగ్లండులో మార్క్ ఇజంబార్డ్ బ్రూనెల్ అనే ఇంజనీరు 1806లో రేకులు కోసే యంత్రపు రంపానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తరువాత కత్తితో తరిగే యంత్రాలు వచ్చాయి. కత్తికి పొట్టు రాలదు కనుక కలప ఇంకా కలిసివచ్చింది.

ఇది కర్ర సంగతి. మన విశాఖపట్నంలో మాత్రం రేకులు కోసింది ఏనుగు దంతాన్ని.

బొబ్బిలి యుద్ధం నాటికే ప్రసిద్ధి

బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగిందని అందరికీ విదితమే. దానికి ముందు సంవత్సరం, అంటే 1756లో, జాన్ కార్నీల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి విశాఖపట్నం వచ్చాడు. ఈ ఊరు అద్దకం బట్టలకే కాక దంతం పొదిగే పనికి కూడా పేరెన్నికగన్నదనీ, ఆ పేరు న్యాయమైనదేననీ తన దినచర్యలో వ్రాసుకున్నాడు. అంటే అప్పటికే ఆ విద్య బాగా పండిందన్నమాట. ఒక్కరోజులో ఇంత పేరు రాదు కదా.

ఆ పని ఇక్కడే ఎందుకు వేళ్ళూనుకున్నది? కారణాలు కనపడుతూనే ఉన్నాయి. ఇంగ్లీషు కంపెనీవారి వర్తకస్థానం 17వ శతాబ్దం చివరినాటికే విశాఖలో ఉంది. ఇరవై మైళ్ళయినా లేని భీమునిపట్నంలో డచ్చివారు ఉన్నారు. వారికి తమ దేశపు నమూనాలో కుర్చీలు, బల్లలు, అద్దాల పెట్టెలు కావాలి. కొండల్లో మంచి కలప ఉంది, లక్క ఉంది. బర్మా తీరంలోని పెగూతో ఓడల రాకపోకలు ఉన్నాయి. దంతం ఆ దారిన వచ్చేది. అన్నింటికన్న ముఖ్యం, చేయితిరిగిన పనివారు ఇక్కడ ఉన్నారు. 1907లో వెలువడిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు ఈ పని కంసాలి వృత్తిదారుల చేతిలో ఉన్నదని పేర్కొన్నది.

మొదటి దశలో చేసినది పొదుగుడు పని. ఇరుగుడు వంటి నల్లని కర్రలో దంతపు పువ్వులు, తీగలు, ఆకులు కూర్చేవారు. ఆ తీగల వంపు చూస్తే మన కోస్తా అద్దకం బట్టల అంచులు గుర్తుకువస్తాయి. ఇది సహజమే. ఒకే ఊళ్ళో బట్టమీద అద్దేవారూ, కర్రలో పొదిగేవారూ ఉన్నప్పుడు పువ్వు ఆ వీధినుంచి ఈ వీధికి రాకుండా ఎందుకుంటుంది?

18వ శతాబ్దం ఉత్తరార్ధంలో రెండవ దశ మొదలైంది. పొదుగుడు పోయి తాపడం వచ్చింది. ఇప్పుడు కర్ర అసలు కనపడదు. చందనపు కర్రతో పెట్టె చేసి, దాని పైభాగమంతా దంతపు రేకులతో కప్పేవారు. పెట్టె తెల్లగా పాలరాయిలా ఉంటుంది. మూత తీస్తే చందనం వాసన వస్తుంది.

పని తీరు

పని జరిగే తీరు ఇది. ముందుగా దంతాన్ని సన్నని రంపంతో పలుచని రేకులుగా కోస్తారు. దంతం గుండ్రంగా, వంకరగా ఉంటుంది, పైగా వేళ్ళవైపు సగం బోలుగా ఉంటుంది. కాబట్టి పెద్ద రేకులు రావు. చిన్న చిన్న రేకులనే అతుకు తెలియకుండా పక్కపక్కన చేర్చాలి. బంకతో అతికించి, అది చాలదనుకున్నచోట సన్నని దంతపు చీలలే మేకులుగా దిగగొట్టేవారు. పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే ఆ బంకను మన వడ్రంగులు వజ్రం అనేవారు. దానిని వేడివేడిగా పూయాలి. చల్లారేలోగా రేకు తన చోట కూర్చోవాలి.

తరువాతది అసలు పని. సూదిమొన ఉలితో దంతం మీద బొమ్మ గీస్తారు. గీసిన గాట్లలో నల్లని లక్కను వేడిచేసి నింపుతారు. మీద మిగిలిన లక్కను గీకివేసి నున్నగా మెరుగు పెడతారు. గాటులోని నలుపు మాత్రం నిలిచిపోతుంది. తెల్లని కాగితం మీద సిరాతో వ్రాసినట్లు కనపడుతుంది. గాటు లోతు తక్కువైతే లక్క ఊడిపోతుంది. ఎక్కువైతే రేకు పగులుతుంది. ఒకసారి గీసినది చెరపడానికి వీలులేదు. మనకు ఆఫీసుల్లో తప్పు టైపయితే దిద్దుకోవడానికి తెల్లరంగు సీసా అయినా ఉండేది. పాపం వారికి అదీ లేదు.

ఈ విధంగా వారు చేయని వస్తువు లేదు. టీ ఆకు డబ్బాలు, కుట్టుపని పెట్టెలు, వ్రాతబల్లలు, ముఖం చూసుకునే అద్దాల చట్రాలు, చదరంగం పలకలు చేశారు. కొన్ని కుట్టుపని పెట్టెలను ఇంగ్లీషు పల్లెటూరి ఇంటి ఆకారంలో చేశారు. పైకప్పే మూత. తలుపులు, కిటికీలు నల్లలక్కతో గీసినవి. దొరలు ఇచ్చిన అచ్చుబొమ్మలను చూసి, ఇంగ్లండులోని భవనాలను, తోటలను దంతం మీద గీశారు. సముద్రానికి అవతల ఉన్న ఆ ఇళ్ళను వారు కన్నెత్తి చూసినవారు కారు. కాగితం మీది గీతను దంతం మీదికి తెచ్చారంతే. ఆ పెట్టెలు అందుకున్న దొరసానులు అది తమ ఊరే అని గుర్తుపట్టి సంతోషించి ఉంటారు.

గవర్నరుగారి కుర్చీలు

ఈ పని ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. అలెగ్జాండర్ వించ్ అనే ఆయన 1773 నుంచి 1775 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్నారు. ఆయన దగ్గర విశాఖపట్నంలో చేయించిన కుర్చీలు, సోఫాలు ఉండేవి. చందనపు కర్ర మీద దంతపు తాపడం, దానిమీద నల్లలక్క గీతలు, కూర్చునేచోట పేము అల్లిక. ఇంగ్లండు తిరిగి వెళ్ళాక 1781లో ఆయన మరణించారు. సామాను వేలానికి వచ్చింది. ఆ వేలంలో ఈ దంతపు కుర్చీలను మూడవ జార్జి రాజు తన భార్య షార్లెట్ రాణి కోసం కొన్నారు. అవి బకింగ్‌హామ్ హౌసుకు చేరాయి. నేటి బకింగ్‌హామ్ ప్యాలెస్ ఉన్నది అక్కడే.

1818లో రాణి మరణించారు. మరుసటి సంవత్సరం ఆమె సామాను కూడా వేలానికి వచ్చినప్పుడు, కుమారుడైన యువరాజు వీటిని కొని బ్రైటన్‌లోని తన విలాస భవనంలో పెట్టించారు. ఆ సామగ్రి నేటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉంది. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూడా విశాఖ పనితనం గల వస్తువులు ఉన్నాయి.

ఇప్పుడు ఒక గుమాస్తాగా నేను ఈ రికార్డును చూస్తాను. మొదటి యజమాని పేరు ఉంది. వేలం వేసిన సంవత్సరం ఉంది. కొన్నవారి పేరు, ఎవరికోసం కొన్నారో వారి పేరు, తరువాత ఏ భవనంలో పెట్టారో దాని పేరు ఉన్నాయి. వాడిన కర్ర పేరు, ఊరి పేరు ఉన్నాయి. చేసినవాడి పేరు అనే గడి మాత్రం ఖాళీగా ఉంది. నా సర్వీసులో ఇలా ఒక గడి ఖాళీగా వదిలిన రిజిస్టరును ఆడిట్‌వారి ముందు పెడితే అభ్యంతరం వ్రాయకుండా వదిలేవారు కారు. ఈ రిజిస్టరు మీద మాత్రం రెండువందల నలభై ఏళ్ళు దాటినా అభ్యంతరం లేదు.

ఇది తెల్లవారి తప్పు మాత్రమే అనడానికి వీల్లేదు. మన జమీందార్లు చేయించుకున్న మంచాలకు, ఊయలబల్లలకు మాత్రం పనివారి పేర్లు వ్రాసి ఉన్నాయా? మన ఇళ్ళలోని తాతల నాటి పందిరి మంచం ఎవరు చేశారో మనలో ఎందరికి తెలుసు?

ఏనుగుల లెక్క

పనితనాన్ని పొగిడి, దంతం ఎక్కడిదో చెప్పకపోతే అది సగం చరిత్రే అవుతుంది. దంతం ఏనుగుది. దంతాన్ని కొనలో కొద్దిగా కోయవచ్చు కాని, మొదలంటా కావాలంటే ఏనుగు చావవలసిందే. రేకుగా కోసి పొదుపుగా వాడినా, లోకమంతా కొనడం మొదలుపెట్టాక పొదుపు ఎక్కడ మిగులుతుంది? పియానో మెట్లకు, కత్తిపిడులకు, బిలియర్డు బంతులకు దంతమే వాడారు. 1979లో ఆఫ్రికాలో సుమారు 13 లక్షల ఏనుగులు ఉండేవని అంచనా. పదేళ్ళకు, 1989 నాటికి, అవి దాదాపు సగం అయిపోయాయి. ఆ సంవత్సరంలోనే ప్రపంచదేశాలు సమావేశమై ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని నిషేధించాలని నిర్ణయించాయి. ఆసియా ఏనుగుకు అంతర్జాతీయ రక్షణ 1975 నుంచే ఉంది.

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1986 సవరణతో భారతీయ దంతం వ్యాపారం, 1991 సవరణతో దిగుమతి చేసిన ఆఫ్రికా దంతం వ్యాపారం ఆగిపోయాయి. వ్యాపారులు కోర్టుకు వెళ్ళారు. 1997లో ఢిల్లీ హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. ఇంగ్లండులో 2018లో చేసిన దంతం చట్టం 2022 జూన్ నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, పాత దంతపు వస్తువులను కూడా అమ్మడానికి వీల్లేదు.

విశాఖలో ఈ పని నిషేధం నాటికే బాగా క్షీణించింది. 19వ శతాబ్దంలోనే పెద్ద కుర్చీలు, బీరువాలు తగ్గి చిన్న పెట్టెలు ఎక్కువయ్యాయి. దంతంతో పాటు తాబేటిచిప్ప, దున్నకొమ్ము, ముళ్ళపంది ముళ్ళు వాడారు. ముళ్ళపంది ముళ్ళను వరసగా పేర్చి చేసిన పెట్టెలు పాత ఇళ్ళలో ఇప్పటికీ అక్కడక్కడ కనపడతాయి. తరువాత కొనేవారు తగ్గారు, ముడిసరుకు ఖరీదైంది. మైసూరు పనివారు మాత్రం దంతం పోయాక రంగురంగుల కర్రముక్కలతోనూ, ప్లాస్టిక్‌తోనూ పొదుగుడు పని సాగించి నిలబడ్డారు. మన దగ్గర దంతం పోయింది, దానితోపాటు చేయి కూడా పోయింది. లక్క పని మాత్రం ఏటికొప్పాక బొమ్మల్లో మిగిలింది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఆఫీసు బల్ల

కర్ర తాపడం గురించి కూడా చెప్పాలి. మన తరం దానిని రోజూ చేత్తో తడిమింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసులో స్వాతంత్ర్యానికి ముందునాటి పెద్ద బల్ల ఒకటి ఉండేది. ఫర్నిచర్ రిజిస్టరులో 'టేకు బల్ల, పెద్దది, ఒకటి' అని ఉంది. అంచున కొంత రేకు లేచిపోయింది. లోపల వేరే రకం కర్ర కనపడేసరికి, ఇది టేకు కాదు, ఎవడో సర్కారును ముంచాడు, పాత సామాను కింద వేలం వేసేద్దామని ఆఫీసులో మాట వచ్చింది. బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ డెబ్బై ఏళ్ళవాడు. బల్లకింద దూరి, వేలి కణుపుతో తట్టి చూసి పైకి వచ్చాడు.

"మోసం కాదండి బాబూ. ఇంత పెద్ద పలక ఒకే టేకుతో చేస్తే ఎండకి వంకరపోద్ది. అందుకని లోపల ముక్కలు అడ్డదిడ్డంగా కూర్చి, పైన రేకు వేశారు. కిందవైపు కూడా వేశారు, చూడండి," అన్నాడు.

నేను వంగి చూశాను. నిజమే. కంటికి కనపడని అడుగుభాగాన కూడా రేకు అతికించి ఉంది. ఒకవైపే అతికిస్తే ఆ వైపు లాగి పలక వంగిపోతుందట. మోసం చేయదలచినవాడు ఎవరూ చూడని అడుగున రేకు ఖర్చు ఎందుకు పెడతాడు? మేస్త్రీ రెండురోజులు పనిచేసి అంచు బాగుచేశాడు. బల్ల వేలానికి వెళ్ళలేదు. నేను బదిలీ అయ్యేవరకు అధికారులు దానిమీదే సంతకాలు పెట్టారు.

ఆ తరువాత మన కళ్ళముందే కాలం మారింది. స్టీలు బల్లలు వచ్చాయి. ప్లైవుడ్ వచ్చింది. ప్లైవుడ్ కూడా రేకుల కూర్పే. ఒక రేకు నార నిలువుగా, దానిపై రేకు నార అడ్డంగా ఉండేట్లు అతికిస్తారు. మేస్త్రీ చెప్పిన సూత్రమే ఇది. వజ్రం బంక స్థానంలో 1959లో మార్కెట్టుకు వచ్చిన ఫెవికాల్ వంటి బంకలు వాడుకలోకి వచ్చాయి. ఇక సన్‌మైకా అనేది ఒక కంపెనీ సరుకు పేరు. జనం నోట అన్నిరకాల అలాంటి పలకలకూ అదే పేరయింది. టేకు చారలున్న సన్‌మైకా కర్ర కాదు, కాగితం మీద అచ్చువేసిన కర్ర బొమ్మ. వెనీరు మాత్రం నిజమైన కర్రే. పిల్లలు కొత్త ఇంటికి తలుపులు, అలమరలు చేయించేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఒకే దుంగనుంచి వరసగా తరిగిన రేకులను పుస్తకం విప్పినట్లు ఎదురెదురుగా పరిస్తే చారలు జతకుదురుతాయి. అచ్చు కాగితంలో ఒకే చార ఉన్నదున్నట్లు మళ్ళీ మళ్ళీ వస్తుంది. కర్రలో అచ్చంగా అలా రాదు. అలంకరణ వెనీరు అతికించిన ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 1328 అనే భారతీయ ప్రమాణం ఉంది. కొనేముందు ఆ సంఖ్య ఉన్నదో లేదో చూసుకోవడం మంచిది.

అయితే రేకు వేయడం వల్ల అడవి మిగులుతుందని నిశ్చింతగా ఉండడానికి కూడా లేదు. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వుతో ఈశాన్య ప్రాంతంలో ఎన్నో రంపపు మిల్లులు, వెనీరు, ప్లైవుడ్ మిల్లులు మూతపడ్డాయి. అడవి నరికివేత అంతదాకా వచ్చింది. దంతం విషయంలో జరిగిందే కర్ర విషయంలోనూ జరుగుతుంది. పొదుపు కోసం పుట్టిన విద్య చవక కోసం వాడితే ఏనుగూ మిగలదు, చెట్టూ మిగలదు.

మిత్రులకు రెండు మనవులు

మొదటిది చట్టం సంగతి. మీ ఇంట్లో పూర్వీకులనాటి దంతపు పెట్టె, దంతం పొదిగిన బల్ల ఉంటే దానిని అమ్మజూపకండి. అది నేరం. వన్యప్రాణి చట్టం ప్రకారం అలాంటి వస్తువుకు యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. వారసత్వంగా తప్ప మరొక విధంగా చేతులు మారడానికి వీల్లేదు. వారసత్వంగా పొందినవారు 90 రోజులలోగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియజేయాలి. కాగితాలు లేవని భయపడి పారవేయవద్దు, దాచనూ వద్దు. అటవీశాఖ కార్యాలయానికి వెళ్ళి సలహా అడగండి. శుభ్రం చేసే నెపంతో దంతం మీద నీళ్ళు పోయవద్దు, ఎండలో పెట్టవద్దు. రేకులు లేచిపోతాయి.

రెండవది పేర్ల సంగతి. విశాఖ దంతపు పనివారి పేర్లు మనం ఇక తేలేం. కాని మన ఇళ్ళలో ద్వారబంధాలు చెక్కినవారు, పందిరి మంచాలు చేసినవారు, మన పెళ్ళిళ్ళకు బీరువాలు చేసి ఇచ్చినవారు ఉన్నారు. వారిలో కొందరి పేర్లు మనలో డెబ్బై, ఎనభై దాటినవారికి ఇంకా జ్ఞాపకం ఉన్నాయి. మన తరువాత పిల్లలకు ఆ పేర్లు తెలిసే అవకాశం లేదు. కాబట్టి ఈ సంచిక చదివినవారు ఒక తెల్లకాగితం తీసుకుని వస్తువు పేరు, చేసిన మేస్త్రీ పేరు, ఆయన ఊరు, సుమారుగా ఏ సంవత్సరమో వ్రాసి ఆ బీరువా తలుపు లోపలివైపు అతికించండి. ఒక నకలు సంఘ కార్యాలయంలో ఇవ్వండి. ఒక నోటుపుస్తకం కుట్టి అందులో ఎక్కించే పని నేను చేస్తాను. నాకు తెలిసిన పనే కదా.

ఆరోగ్యంతో అందరూ కలకాలం పెన్షన్ అందుకోవాలని కోరుకుంటూ,

మీ సోదర పెన్షనరు